పండించిన తీరు ఒకటి, మర పట్టిన తీరు మరొకటి: ఆర్గానిక్ సరుకుల లెక్క

విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఏ పేటకు వెళ్ళినా ఇప్పుడు ఆర్గానిక్ సరుకుల దుకాణం ఒకటి కనిపిస్తుంది. లోపల కొర్రల ప్యాకెట్లు రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయనుకోండి. ఒకదాని మీద ప్రభుత్వ ముద్ర ఉంది. గింజ నున్నగా, లేత పసుపు రంగులో మెరుస్తోంది. రెండోదాని మీద ముద్ర లేదు, పాడేరు వైపు రైతుల పంట అన్న చీటీ మాత్రం ఉంది. గింజ మసకగా ఉంది, నలిపితే వేలికి సన్నని పొడి అంటుతోంది. ఎక్కువ మంది ముద్ర చూసి మొదటిది తీసుకుంటారు. నేనైతే రెండోది తీసుకుంటాను. అదే దుకాణంలో ఎండుమిరపకాయల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముద్ర లేని ప్యాకెట్టును ముట్టుకోను.

ఇందులో వైరుధ్యమేమీ లేదు. మన వంటింటికి వచ్చే ప్రతి సరుకుకూ రెండు దశలుంటాయి. పొలంలో ఎలా పండింది అన్నది ఒకటి. కోత తర్వాత దానికి ఏమేం చేశారు, ఎంత మర పట్టారు, ఏం కలిపారు అన్నది రెండోది. ఆర్గానిక్ ముద్ర ప్రధానంగా మొదటి దశకు హామీ ఇస్తుంది. రెండో దశలో నిషిద్ధ రసాయనాలు కలపకూడదనీ, మామూలు సరుకుతో కలగాపులగం చేయకూడదనీ చెబుతుందే తప్ప, తవుడు ఎంత తీశారో చెప్పదు. అందుకే ఆర్గానిక్ మైదా, ఆర్గానిక్ పంచదార కూడా చట్టం ప్రకారం సక్రమమైన సరుకులే. కొన్ని సరుకుల్లో మొదటి దశే కీలకం, కొన్నింటిలో రెండోది. ఈ తేడా తెలియక డబ్బు అవసరం లేనిచోట ఖర్చుపెట్టి, అవసరమైనచోట వెనకాడుతున్నాం.

ముందు ఆ ముద్రల సంగతి చూద్దాం. మన దేశంలో ఆర్గానిక్ ధ్రువీకరణకు రెండు దారులున్నాయి. 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఒకటి. ఎన్‌పీఓపీ అంటారు. వ్యవసాయ ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ అపెడా పర్యవేక్షణలో నడుస్తుంది. గుర్తింపు పొందిన బయటి సంస్థ వచ్చి పొలాన్నీ పద్దులనూ తనిఖీ చేస్తుంది. రెండోది పీజీఎస్-ఇండియా. కనీసం ఐదుగురు రైతులు ఒక బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకుని హామీ పడతారు. ఖర్చు తక్కువ కాబట్టి చిన్న రైతుకు అందుబాటులో ఉండే దారి ఇదే. రసాయనాలు మానేసిన మర్నాటి నుంచే పంటకు ముద్ర రాదు. ఎన్‌పీఓపీ కింద ఏటేటా వేసే పంటలకు రెండేళ్ళు, కాఫీ, మామిడి లాంటి బహువార్షిక పంటలకు మూడేళ్ళు మార్పిడి కాలం ఉంటుంది. పీజీఎస్‌లో ఆ మధ్యకాలపు సరుకు మీద 'పీజీఎస్-గ్రీన్' అని వేస్తారు. ఈ రెండు దారుల్లో దేని ద్వారా వచ్చినా, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద 'జైవిక్ భారత్' చిహ్నం కనిపించాలి.

అదే నిబంధనల్లో చిన్న రైతుకు ఒక వెసులుబాటు ఉంది. తన పంటను నేరుగా వినియోగదారుకే అమ్ముకునే చిన్న రైతుకు ధ్రువీకరణ తప్పనిసరి కాదు, కానీ జైవిక్ భారత్ చిహ్నం వాడకూడదు. కాబట్టి ముద్ర లేనంత మాత్రాన మోసమని తీర్మానించకూడదు. అదే ముద్ర లేని సరుకు రెండు మూడు చేతులు మారి దుకాణం అరలోకి వచ్చి 'నూరు శాతం ఆర్గానిక్' అని చెప్పుకుంటుంటే మాత్రం ఆధారం అడగాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో మూడో పాయ కూడా ఉంది. 2016లో పెట్టుబడి లేని వ్యవసాయంగా మొదలై, రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ఇప్పుడు ఏపీసీఎన్‌ఎఫ్ పేరుతో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం అది. ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పుట్టమట్టి కలిపి పులియబెట్టిన జీవామృతమే దానికి ప్రాణం. బయట కొన్న ఎరువు సేంద్రియమైనదే అయినా దాని మీద ఆధారపడకూడదన్నది ఈ పద్ధతి నియమం. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవతా పురస్కారాన్ని పంచుకున్న ముగ్గురిలో ఈ కార్యక్రమం ఒకటి. అయితే ప్రకృతి వ్యవసాయం చేసే రైతులందరికీ ధ్రువీకరణ ఉండదు. మన దుకాణాల్లో ఈ మూడు పాయల సరుకూ ఒకే అరలో, ఒకే ఆకుపచ్చ బోర్డు కింద కలిసిపోయి ఉంటుంది. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

ఇక సరుకుల దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ముద్ర కోసం మొదట డబ్బు ఖర్చుపెట్టాల్సింది ఎండుమిరప మీద. మిరప తోటకు కొట్టినన్ని మందులు మన రాష్ట్రంలో కొద్ది పంటలకే కొడతారు. 2021-22లో నల్ల తామరపురుగు విరుచుకుపడినప్పుడు గుంటూరు ప్రాంత రైతులు తోటలు కాపాడుకోలేక ఎన్ని రకాల మందులు మార్చి మార్చి కొట్టారో అందరికీ తెలుసు. తప్పు రైతుది కాదు, అప్పు తెచ్చి పెట్టిన పంట అది. కానీ కాయ మీద పడిన మందు ఎండిన తర్వాత చిక్కబడుతుంది. మిరపకాయకు పొట్టు తీయం, ఉడకబెట్టి నీళ్ళు వంపేయం, చాలా ఇళ్ళలో కడగం కూడా. నెలకు వాడేది పావుకిలోనో అరకిలోనో కాబట్టి ధర రెట్టింపైనా మొత్తం సరుకుల ఖర్చులో కనిపించదు. కారం పొడి బదులు కాయలే కొని ఆడించుకుంటే రంగుల కల్తీ భయం కూడా తీరిపోతుంది.

పసుపుది వేరే కథ. ఇక్కడ అసలు ప్రమాదం పొలంలో కంటే తర్వాతి దశలోనే ఉంది. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుగుపెట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చని రంగు పులుముతున్నారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో బయటపెట్టారు. అందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పసుపులో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని మన చట్టం చెబుతుంది. కాబట్టి పొడి కాకుండా కొమ్ములు కొనండి. అందులోనూ మెరుగుపెట్టనివి కొనండి. చింతపల్లి, పాడేరు కొండల మీద గిరిజన రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ము పైకి మట్టి రంగులో, ముడతలతో, అందవిహీనంగా ఉంటుంది. విరిస్తే లోపల ముదురు నారింజ రంగు కనిపిస్తుంది. పైన నిమ్మపండులా మెరుస్తూ లోపల వెలవెలబోయే కొమ్మును తిరిగి ఇచ్చేయండి. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్ళోనే ఉంది. 1956 నుంచి ఏజెన్సీ సరుకు కొంటున్న సంస్థ అది. ఏజెన్సీ పసుపు, చింతపండు, మిరియాలు, కుంకుడుకాయలు కావాలంటే దాని దుకాణాల్లోనూ ఒకసారి చూడండి.

బెల్లం దగ్గర ముద్ర కంటే మీ కళ్ళే ఎక్కువ ఉపయోగపడతాయి, అదీ కళ్ళకున్న పాత అలవాటును మార్చుకుంటేనే. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. అక్కడ దిమ్మ ధరను నిర్ణయించేది రంగు. తెల్లగా, బంగారు ఛాయలో ఉన్నదానికి ఎక్కువ, నల్లగా ఉన్నదానికి తక్కువ. దానికి తోడు నల్లబెల్లం సారా బట్టీలకు పోతుందన్న అనుమానం ఒకటి. మరి చెరకు రసం సహజంగా కాగితే ఏ రంగు వస్తుంది? అది నేలను బట్టి, చెరకు రకాన్ని బట్టి, గానుగాడిన తర్వాత రసం ఎంతసేపు నిలవ ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. సున్నం తగుమాత్రం వేసి, మడ్డి శ్రద్ధగా తీస్తే గోధుమ రంగు వస్తుంది. అంతకంటే తెల్లగా రావాలంటే పెనంలో హైడ్రోస్ పడాలి. అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల పరిశ్రమలో రంగు తీయడానికి వాడే రసాయనమే. దీనితో వచ్చిన తెలుపు నిలవదు, కొన్ని వారాలకే దిమ్మ మళ్ళీ నల్లబడుతుంది. అంటే కొనేవాడి కంటికి నచ్చడం కోసం, కొన్ని వారాల మెరుపు కోసం, మనం తినే తీపిలో గంధకం కలుపుతున్నారు. ఈ వ్యవహారంలో బెల్లం వండేవాడి కంటే, రైతు కంటే, కొనేవాళ్ళం మనమే మారాలి. ముదురు గోధుమ రంగు బెల్లాన్ని మంచి ధరకు అడిగి కొనేవాళ్ళు పెరిగితే అనకాపల్లిలో హైడ్రోస్ వేసే అవసరమే ఉండదు.

అలాగని నల్లగా ఉన్నదల్లా స్వచ్ఛమనీ కాదు. మాడిన పాకమూ నల్లగానే ఉంటుంది, పాతబడిన దిమ్మా నల్లగానే ఉంటుంది. చిన్న ముక్క నోట్లో వేసుకోండి. మాడు చేదు తగిలితే వద్దు. వేడినీళ్ళలో కరిగించి చూస్తే మట్టి, పిప్పి, సుద్ద తెలుస్తాయి గానీ హైడ్రోస్ తెలియదు. అందుకే ఎవరు వండారో చెప్పగలిగే దుకాణంలో కొనడం మేలు. ఒక్క మాట మాత్రం మరచిపోవద్దు: ఎంత మంచి బెల్లమైనా మధుమేహం ఉన్నవారికి అది చక్కెరే.

గానుగ నూనె గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి. విశాఖలో గత కొన్నేళ్ళుగా గానుగ పెట్టని వీధి లేదనిపిస్తోంది. 'చెక్క గానుగ', 'ఆర్గానిక్' అన్న రెండు మాటలు ఒకే అర్థంలో వాడుతున్నారు. వాటికి సంబంధం లేదు. మందులు కొట్టిన వేరుశనగను చెక్క గానుగలో ఆడినా అది చెక్క గానుగ నూనే. రసాయన ద్రావకాలు వాడకుండా, ఎక్కువ వేడి తగలకుండా తీశారన్నదే గానుగ ఇచ్చే హామీ. వాసన, రుచి, సహజమైన విటమిన్-ఇ దండిగా మిగులుతాయి. అది నిజమైన లాభమే.

కానీ వేరుశనగ విషయంలో ఒక చిక్కుంది. తేమ తగిలిన పల్లీకి ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయానికి హాని చేసే, క్యాన్సర్‌కు దారితీసే విషం ఇది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దశాబ్దాలుగా దీని మీద పనిచేస్తోంది. కర్మాగారంలో నూనెను శుద్ధి చేసేటప్పుడు క్షారంతో కడగడం వంటి దశల్లో ఈ విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెను వడకట్టడమే తప్ప శుద్ధి చేయరు. పల్లీలో విషం ఉంటే కొంత నూనెలోకి దిగుతుంది. పంట ఆర్గానిక్ అయినా బూజు ఆగదు. మన ఊరి గాలిలో ఎప్పుడూ తేమే, అందుకే పల్లీల నిల్వ మరీ ముఖ్యం. కాబట్టి గానుగ దగ్గరికి వెళ్ళినప్పుడు నూనె డబ్బా చూసి వచ్చేయకండి, పల్లీల బస్తా చూపించమనండి. గుప్పెట్లోకి తీసుకుని చూడండి. ముడుచుకుపోయిన గింజలు, రంగు మారినవి, పచ్చటి బూజు మరకలున్నవి కనిపిస్తే అక్కడ కొనవద్దు. ఏరి, ఎండబెట్టి ఆడే గానుగవారు బస్తా చూపించడానికి ఎప్పుడూ వెనకాడరు.

ధరను కూడా మీరే లెక్క కట్టవచ్చు. గానుగలో లీటరు నూనె రావాలంటే దాదాపు రెండుంబావు నుంచి రెండున్నర కిలోల పల్లీ గుళ్ళు కావాలి. ఆ రోజు పూర్ణా మార్కెట్‌లో గుళ్ళ ధర కనుక్కుని హెచ్చవేయండి. నూనె తీశాక మిగిలే పిండి చెక్క అమ్మితే వచ్చేది తీసేసి, ఆడిన కూలి కలపండి. ఆ మొత్తానికి బాగా తక్కువగా 'స్వచ్ఛమైన గానుగ నూనె' ఎవరైనా అమ్ముతుంటే అందులో మరో నూనె కలిసిందనే అనుకోవాలి. నువ్వుల నూనె, అదే పప్పునూనె, వేరుశనగ నూనె కంటే ఎక్కువ కాలం చెడిపోకుండా ఉంటుంది. నువ్వుల్లోనే సహజంగా ఉన్న సెసమాల్ వంటి పదార్థాలు దాన్ని కాపాడతాయి. ఆవకాయకు మన పెద్దలు దాన్నే ఎంచుకున్నారంటే ఊరికే కాదు. నువ్వులు ఆడిన చోట తాజా తెలగపిండి దొరికితే తప్పకుండా తెచ్చుకోండి. మునగాకు వేసి వండిన తెలగపిండి కూరకు సాటి వచ్చేది ఏ ప్యాకెట్టులోనూ దొరకదు.

ఇప్పుడు మొదటి కొర్రల దగ్గరికి. చిరుధాన్యాలకు పురుగుమందుల అవసరం తక్కువ. కొండ వాలుల్లో వర్షం మీద పండే సామలు, చోళ్ళ మీద మందు కొట్టే స్తోమతూ అక్కడి రైతుకు లేదు, అవసరమూ అంతగా లేదు. అందుకే ముద్ర వల్ల అదనంగా వచ్చే భరోసా ఇక్కడ చిన్నది. మర పట్టడంలోనే తేడా అంతా. కొర్ర, సామ, ఊద, అరికె, అండుకొర్ర గింజలకు పైన తినలేని పొట్టు ఉంటుంది, దాన్ని తీయాల్సిందే. దాని కింద తవుడు పొర ఉంటుంది. పీచు, ఖనిజాలు, బి విటమిన్లు ఎక్కువగా ఉండేది అందులోనే. గింజ మెరవడానికీ, ఎక్కువ కాలం నిలవ ఉండడానికీ ఆ పొరను కూడా తీసేస్తున్నారు. తీసేశాక మిగిలేది తెల్లబియ్యానికి పెద్ద దూరంలో ఉండదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక గిరాకీ పెరిగింది, మెరుగుపెట్టిన సరుకూ పెరిగింది. మధుమేహం వచ్చిందని అన్నం మాని కొర్రలు మొదలుపెట్టినవారు మెరిసే కొర్రలు తింటుంటే చూసి నాకు బాధ కలుగుతుంది. చోళ్ళకు మాత్రం ఈ బెడద లేదు. రాగి గింజకు పై పొర గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి మామూలుగా మొత్తం గింజనే పిండి ఆడతారు. వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండే ధాన్యం అది. ఉత్తరాంధ్ర ఇళ్ళలో చోడి అంబలి ఇంకా మానని వాళ్ళు అదృష్టవంతులు. బియ్యం విషయంలోనూ ఇదే సూత్రం. నవార, కుళ్ళకార్, మైసూర్ మల్లిగ అని ఎంత అందమైన దేశవాళీ పేరున్నా, ఒక పట్టు వేశారా, పూర్తిగా తెల్లగా పట్టారా అని అడగండి.

కందిపప్పు మధ్యరకం. కంది చేనుకు కాయతొలుచు పురుగు బెడద ఎక్కువ, మందులూ కొడతారు. కానీ గింజ కాయలో దాగి ఉంటుంది, పైగా పప్పుగా చేసేటప్పుడు పొట్టు పోతుంది. కాబట్టి మిరపంత భయం లేదు. డబ్బుంటే ఆర్గానిక్, లేకపోతే మెరుగుపెట్టని మామూలు పప్పు చాలు. ఏజెన్సీ రాజ్మా దొరికితే వదలవద్దు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, బాగా మరిగించి మెత్తగా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్మా కడుపును కల్లోలం చేస్తుంది.

తేనె విషయంలో ఇంటి చిట్కాలన్నీ వదిలేయండి. నీళ్ళలో వేయడం, బొటనవేలి గోరు మీద చుక్క పెట్టడం, వత్తి ముంచి వెలిగించడం, ఇవేవీ చక్కెర పాకాన్ని పట్టుకోలేవు. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షిస్తే, ఎన్‌ఎంఆర్ అనే సున్నితమైన పరీక్షలో 10 తప్పాయి. మామూలు పరీక్షలకు దొరక్కుండా తయారుచేసిన పాకాలు వచ్చేశాయి మరి. గడ్డకట్టిన తేనె కల్తీదన్న నమ్మకం కూడా తప్పు, పూలను బట్టి అసలు తేనె కూడా పేరుకుంటుంది. తేనెటీగలు కిలోమీటర్ల దూరం తిరుగుతాయి కాబట్టి వాటి మేతకు కంచె వేయడం కష్టం. అడవి తేనె, దాన్ని ఎవరు తీశారో తెలిసిన తేనె, కొద్ది మోతాదులో కొనుక్కోవడమే ఉన్నంతలో మంచి దారి. ఏడాది నిండని పిల్లలకు ఏ తేనె కూడా నాకించకూడదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషబాధ వచ్చే ప్రమాదం ఉంది.

ఉప్పు ఖనిజం, పండించేది కాదు. ఆర్గానిక్ ఉప్పు అన్నది లేనే లేదు. గులాబీ రంగుకు అదనంగా డబ్బు కట్టే బదులు అయోడిన్ ఉందో లేదో చూసుకోండి. నెయ్యి మీద 'ఏ2' అని రాసి రెట్టింపు ధర వేస్తారు. ఏ2 అన్నది పాలలోని బీటా-కేసిన్ అనే ప్రొటీన్‌లో ఒక రకం. నెయ్యిలో ప్రొటీన్ దాదాపు ఉండదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 ఆగస్టులో ఆ రాతలు తీసేయమని చెప్పి, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. కాబట్టి అరల మీద అది ఇంకా కనిపిస్తుంది. నాటు ఆవు నెయ్యి రుచి మీకు నచ్చితే కొనండి, ఆ అక్షరం కోసం మాత్రం వద్దు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆ లోయ అరబికా గింజకు దక్కిన గౌరవం. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చికోరీ శాతం చదవండి. చట్టం 49 శాతం దాకా చికోరీ కలపనిస్తుంది, ఎంత కలిపారో రాయాలి. గింజలు కొని అప్పటికప్పుడు పొడి చేయించుకుంటే ఆ గొడవే ఉండదు.

కొన్నవాటిని నిలవ చేయడంలోనూ విశాఖవాసులకు అదనపు పని ఉంది. మామూలు గోదాముల్లో పురుగు పట్టకుండా ఫాస్ఫిన్ వాయువు పెడతారు. ఆర్గానిక్ సరుకుకు అది నిషిద్ధం కాబట్టి పురుగు తొందరగా పడుతుంది. తవుడు తీయని గింజలో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా కమురు వాసన వస్తుంది. సముద్రపు తేమ ఈ రెండింటినీ పెంచుతుంది. అందుకే ఏడాదికి సరిపడా మూటలు ఇక్కడ పనికిరావు. నెలకు సరిపడా కొనండి. ప్యాకెట్ మీద మర పట్టిన తేదీ అడగండి. రెండు మూడు నెలలు దాటిన దంపుడు బియ్యాన్నీ, కొర్రలనూ వాసన చూడకుండా కొనవద్దు. ఇంటికి తెచ్చిన రాగి పిండిని ఫ్రిజ్‌లో పెట్టండి. బియ్యం, రవ్వ ఒక వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే పురుగు గుడ్లు చస్తాయి. తీశాక మూత తెరవకుండా గది వేడికి రానిచ్చి, ఆ తర్వాతే డబ్బాలో పోయండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. కందిపప్పుకు చెంచాడు ఆముదం పట్టించి ఎండలో ఆరబెట్టడం మన నాయనమ్మల పద్ధతి. ఇప్పటికీ అంతకంటే చవకైన ఉపాయం లేదు. వండేముందు గోరువెచ్చని నీళ్ళతో రెండుసార్లు కడిగితే ఆ జిడ్డు పోతుంది.